పాత రంగు

పోయిన వారం ఆఫీసు బస్సులో ఉండగా నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. నేను తరచూ కొనే వస్తువు ఈపాటికి అయిపోయి ఉంటుందని, మళ్ళీ తెప్పించుకోమని. పక్కన బొమ్మ ఉంది. గోధుమరంగు సీసా, దాని మీద 'లైట్' అన్న మాట. ఆ సీసా నేనెన్నడూ వాడలేదు. అది ఆమెది. ఇంటికి పార్సిల్ వస్తే కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళు తీసుకుంటారని, తీసుకుంటే ఏమిటని అడుగుతారని, నా పేరు మీద ఆఫీసు గేటుకు తెప్పించుకునేది. ఆమె పోయి రెండు నెలలు దాటింది. ఆ సంగతి ఫోనుకు తెలియదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఎక్కడైనా తన పేరు కనబడితే ముందు ఏదో తప్పు జరిగిందనే అనుకునే మనిషి. మేమిద్దరం రాయదుర్గం వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాళ్ళం. తయారైన సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో రాసిపెట్టడం నా పని. దాంట్లో తప్పులు వెతకడం ఆమె పని. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు మా అంతస్తులో లేరు. కానీ తప్పు దొరికిన ప్రతిసారీ దాని గురించి రాసేటప్పుడు మొదటి వాక్యం ఒకటే ఉండేది: బహుశా నేనే సరిగా చూడలేదేమో. ఆ తర్వాతి వాక్యం నుంచి తప్పు ఎక్కడుంది, ఎప్పుడు వస్తుంది, ఏం చేస్తే మళ్ళీ వస్తుంది, అంతా వరసగా ఉండేది. డెవలపర్లు ఆ మొదటి వాక్యం చూసి నవ్వేవారు. నవ్వి, వెళ్ళి సరిచేసేవారు.

మీటింగు ఆలస్యమైనా, లిఫ్టు మధ్యలో నిలిచిపోయినా, వాన పడి కొత్తగూడ దగ్గర బండ్లన్నీ ఆగిపోయినా, వచ్చీ రాగానే అడిగే మాట ఒకటుంది. "నా వల్ల ఏమన్న ఆగిందా?" ఏమీ ఆగలేదని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేదాకా బ్యాగు భుజం మీంచి దించేది కాదు. కార్డు చూపించినా తలుపు తెరుచుకోకపోతే తలుపుకు కూడా సారీ చెప్పేది. సర్వపిండి తెచ్చిన రోజు మెత్తటి ముక్క నాకు పెట్టి, మాడిన అంచు తను తినేది. అంచే నాకిష్టమని చాలాసార్లు చెప్పాను. మర్యాదకు అంటున్నాననుకునేది.

ఆమెది నల్లగండ్ల. అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ ఉన్న ఊరి ఇల్లు. తండ్రి లేడు. తల్లి, ఆమె, చెల్లెలు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పిల్లా అనేది. మా అమ్మానాన్నలు గుడివాడ దగ్గర నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డవాళ్ళు. నేను ఎవరితోనైనా 'వద్దండి, లేదండి' అన్నప్పుడల్లా ఆమె మెల్లగా 'అండి, అండి' అని నా వెనకే అనేది. ఆమె ఒకరిని ఎగతాళి చేయడం అంతవరకే.

ఆమెకు బొల్లి ఉండేది. మొదట్లో మేమెవరం ఆ మాట అనేవాళ్ళం కాదు. స్కిన్ ప్రాబ్లం అనేవాళ్ళం, అదీ ఆమె లేనప్పుడు. ఒకరోజు తనే అంది, బొల్లి అనొచ్చు, అంటే అంటుకోదు అని. కాలేజీ రోజుల్లో చూపుడువేలి మీద చుక్కలా మొదలై, రెండు చేతుల వెనకవైపంతా పాకింది. ఒక మోచేయి, గడ్డం కింద కొంచెం. ఏళ్ళ తరబడి పూతలు పూసింది, దవాఖానలో లైటు కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. కొన్నాళ్ళకు పెరగడం ఆగింది. పోవడం మాత్రం పోలేదు. డాక్టరు ఇక చాలమ్మా, హాయిగా ఉండు అన్నాడట. పొడుగు చేతుల కుర్తాలు వేసుకుని హాయిగానే ఉండేది.

చెల్లెలికి సంబంధాలు చూడడం మొదలయ్యేదాకా.

మొదటి సంబంధం వాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు చాయ్ కప్పులు తెచ్చి ఇచ్చింది ఆమే. పిల్ల నచ్చిందన్నారు, ముహూర్తాల దాకా మాటలు వచ్చాయి. రెండు రోజుల తర్వాత మధ్యవర్తి ఫోన్ చేశాడు. పెద్దపిల్ల చేతులు చూశారట. పెద్దదానికి ఉన్నది చిన్నదానికి రాదని, రేపు పుట్టేవాళ్ళకు రాదని ఎవరు హామీ ఇస్తారని అడిగారట. తల్లి ఆమెను ఒక్క మాట అనలేదు. చెల్లెలూ అనలేదు. అందుకే అది ఆమెలో ఉండిపోయిందనుకుంటాను. ఎవరైనా తిడితే కొంత తగ్గి ఉండేది. మర్నాడు ఆఫీసుకు వచ్చి, బ్యాగు భుజానే ఉంచుకుని నా కుర్చీ పక్కన నిలబడి, "ఈసారి నిజంగనే నా వల్ల ఆగింది పిల్లా" అంది. ఏమీ ఆగలేదని చెప్పడానికి ఆ రోజు నాకు వీలు లేకపోయింది.

ఆ తర్వాత సంగారెడ్డి వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి ఆమె ముందే నిర్ణయించుకుంది. తల్లి అడిగింది పెద్దకూతురు ఆ రోజు ఆఫీసులో ఉంటే చాలని. ఆమెకు అది సరిపోలేదు. చెల్లెలి పెళ్ళిలో చెల్లెలి పక్కన నిలబడాలి, పెళ్ళి తన వల్ల ఆగకూడదు. రెండూ కావాలి. ఆమె తన కోసం ఏదైనా కావాలనడం నేను వినడం అదే మొదలు.

తెల్లవాళ్ళు ఎండలో పడుకోకుండానే ఎండకు కమిలినట్టు కనబడడానికి పూసుకునే సెల్ఫ్ టానర్ అనే పూత ఒకటుందని, బొల్లి ఉన్నవాళ్ళు కూడా దాన్ని వాడతారని ఆమె ఎక్కడో చదివింది. కొనడానికి నన్ను తోడు తీసుకుని కొండాపూర్‌లో ఒక మాల్‌కు వెళ్ళింది. కౌంటర్‌లో అమ్మాయికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మేడమ్, అది నల్లగా చేసేది, మీకు కావాల్సింది ఇటువైపు అని తెల్లబరిచే క్రీముల అర చూపించింది. కాదమ్మా, నల్లగా చేసేదే కావాలె అంటే, సూపర్‌వైజర్‌ను పిలుచుకొచ్చింది. అతను కూడా ముందు ఆ అరే చూపించాడు. బయటికి వచ్చాక ఆమె నవ్వి, "అందరు ఒక దిక్కు పోతుంటే నేను రాంగ్ రూట్ల వస్తున్న" అంది. ఫ్లైఓవర్ కింద బండ్లు అలా ఎదురొస్తే మేమిద్దరం తిట్టుకునేవాళ్ళం.

అప్పుడే ఆన్‌లైన్‌లో నా పేరు మీద మొదటి సీసా వచ్చింది. 'డార్క్' తెప్పించాం. తనది చామనఛాయ కదా, ఆ రంగు రావాలంటే ముదురుదే కావాలనుకున్నాం. మర్నాడు ఆమె రెండు చేతులూ దుపట్టాలో చుట్టుకుని వచ్చింది. ప్యాంట్రీలో ఎవరూ లేని సమయం చూసి విప్పింది. చేతుల మీద మచ్చలున్నంత మేర నారింజ రంగు. జిలేబి అయింది అని తనే అంది. అది వదిలేదాకా నాలుగైదు రోజులు అలాగే చుట్టుకుని తిరిగింది. ఎవరైనా అడిగితే మెహెందీ చెడిపోయిందని చెప్పింది.

తర్వాత కూర్చుని సరిగా చదివాం. మేం అనుకున్నది తలకిందులు. సీసా మీద రాసి ఉండేది మనకు కావాల్సిన రంగు కాదు, మన దగ్గర ఇప్పుడున్న రంగును బట్టి ఎంచుకోవాల్సింది. బాగా తెల్లటి చర్మం ఉన్నవాళ్ళు 'లైట్'తో మొదలుపెట్టాలి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేసుకుంటూ మెల్లగా ముదరనివ్వాలి. లేకపోతే నారింజకు తిరుగుతుంది. ఆమె మచ్చల దగ్గర చర్మం ఏ తెల్లవాళ్ళ చర్మం కన్నా తెల్లన. కాబట్టి ఆమె ఫేర్ కిందికి వస్తుంది. ఆ మాట ఆమెకు భలే నవ్వు తెప్పించింది. "మ్యాట్రిమొనీల పెట్టాలె నాది కూడ. ఫేర్, అక్కడక్కడ."

అంతటితో అయిపోలేదు. పూతలో ఆకుపచ్చ ఛాయ కలిసినవి కొన్ని, ఊదా ఛాయ కలిసినవి కొన్ని. ఏది ఎవరికో తేల్చుకోవడానికి మణికట్టు దగ్గర నరాలు నీలంగా ఉన్నాయా, పచ్చగా ఉన్నాయా చూసుకోమన్నారు. ఆమె మణికట్టు మీద మచ్చ సగం దాకా ఉంది. ఒకే నరం తెల్లటి చోట నీలంగా, అటువైపు పచ్చగా కనబడింది. మేమిద్దరం ఆ మణికట్టు కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాం. చివరికి ఆకుపచ్చ ఛాయ ఉన్న 'లైట్' నిలబడింది. కణుపుల మీద ముందు కొంచెం కొబ్బరినూనె రాయాలి, లేకపోతే అక్కడ రంగు ఎక్కువ పీలుస్తుంది. మచ్చ అంచును దూదిపుల్లతో దిద్దాలి. అంచు దాటితే అసలు రంగు మీద కూడా పడి గీతలాగా కనబడుతుంది. ఇవన్నీ ఆమె ఒక్కొక్కటీ తప్పు చేసి నేర్చుకుంది. పూసిన రోజు ఆమె దగ్గర పాత బిస్కెట్ల వాసన వచ్చేది. వస్తుందా అని అడిగేది. వస్తుందనేదాన్ని. అబద్ధం చెప్తే ఆమెకు తెలిసిపోయేది.

సరిచూడడానికి ఆమెకు ఒక కొలత కావాలి. తన అసలు రంగు కొంచెం కొంచెం తేడాతో ఒంటి మీద మిగతా చోట్ల ఉన్నా, చేతి వెనక ఎలా ఉండేదో ఆమెకు గుర్తు లేదు. ఒకరోజు లంచ్‌కు కూర్చున్నప్పుడు నా చేయి వంక చూసి, "జర చెయ్యి ఇస్తవా" అని అడిగి, తన చేయి పక్కన పెట్టుకుంది. "గిదే. నా పాత రంగు గిట్లనే ఉండె." అప్పటి నుంచి నా చేయే ఆమెకు కొలత. ట్యూబ్‌లైటు కింద, లిఫ్టులో, పార్కింగ్‌లో, మధ్యాహ్నం ఎండలో గేటు బయట, నా చేయి పక్కన తన చేయి పెట్టి చూసేది. లైటు మారితే బగ్ బయటపడుతుందనేది. పెళ్ళి మండపంలో పసుప్పచ్చ ఫోకస్ లైట్లు ఉంటాయని, రంగుకాగితం చుట్టిన టార్చి కింద కూడా చూసింది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా రంగు గురించి మాట్లాడేవాళ్ళు. కొంచెం రంగు తక్కువ, కానీ కళ గల ముఖం అనేవారు. మా అమ్మ ఆదివారాలు నాకు మీగడ రాసేది. ఆ రంగు ఒకరికి గమ్యం అవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆమె చేయి పక్కన చేయి పెట్టినప్పుడు నాకు సంతోషంగా ఉండేది. ఆమెకు లేనిది నా దగ్గర ఉన్నందుకు వచ్చిన సంతోషం అది. అప్పుడు దాన్ని సాయం చేస్తున్న సంతోషం అనుకున్నాను.

సంగారెడ్డి వాళ్ళకు ముందే చెప్పేస్తే ఏమవుతుందని నేను ఒకసారి అడిగాను. చెప్పకముందే మొదటి సంబంధం వాళ్ళు చూశారు కదా, ఏమయిందో చూశాం కదా అంది. వాళ్ళమ్మ మాట కూడా చెప్పింది. మూడు ముళ్ళు పడేదాకా కడుపులో పెట్టుకోవాలె అన్నదట.

సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి నన్ను రమ్మంది. పెళ్ళికొడుకు తల్లి పొడవాటి మనిషి, పెద్ద చేతులు. ఎవరితో మాట్లాడినా వాళ్ళ చేయి తన చేతుల్లోకి తీసుకుని మాట్లాడుతుంది. అలవాటు. ఆమె చేయి కూడా అలాగే పట్టుకుంది. ఎక్కడ పనిచేస్తవు, బస్సులో పోతవా, పొద్దున ఏం తింటవు, అన్నీ అడిగింది. ఎంతసేపు పట్టుకుంటే అంతసేపూ ఆమె ముఖం నేను చూస్తూనే ఉన్నాను. పూత పట్టుకుంటే అంటుకునే రకం కాదని ఆమెకు తెలుసు, ఎన్నోసార్లు పరీక్షించింది. అయినా ఆవిడ వదలగానే ఆవిడ అరచేతుల వంక చూసింది, రంగేమైనా అంటిందేమోనని. సోమవారం ఆఫీసులో ఆ సంగతి నేనెత్తకముందే తనే చెప్పింది. "ఆమె మంచిది పిల్లా. గదే పరేషాన్. గయ్యాళిదైతే నాకు ఇంత కాకపోవు."

ఇక పెళ్ళి. అన్నీ ఆలోచించుకున్నాం. రెండు రోజుల ముందు మొదటి పూత, ముందు రోజు రెండోది. వంట పని పెట్టుకోదు, గిన్నెలు కడగదు, నీళ్ళలో చేయి ఎక్కువసేపు పెట్టదు. సబ్బు కూడా మెత్తటిది. ఎప్పుడు ఎక్కడ నిలబడాలి, ఏ లైటు కింద, అన్నీ. తప్పులు వెతకడమే వృత్తిగా ఉన్న ఆమె, దేన్ని ఎలా వాడాలో రాసే నేను, ఇద్దరం కలిసి ఒకటి మరిచిపోయాం. నలుగు.

ఈ మధ్య అలవాటు ప్రకారం రెండు వైపుల వాళ్ళకూ కలిపి ఒకే హాల్లో హల్దీ పెట్టారు, లింగంపల్లి వైపు. నలుగు పెట్టేది ముత్తయిదువలు. పెళ్ళికాని అక్క చేయి పడనక్కరలేదు. కానీ చెల్లెలు పట్టుబట్టింది, అక్క పెట్టందే లేవనంది. అంత మంది ముందు ఆమె కాదనలేకపోయింది. పళ్ళెంలో శెనగపిండి, పసుపు, నువ్వులనూనె. కలిపి ముద్ద చేసి, చెల్లెలి చేతులకూ కాళ్ళకూ రుద్దింది. అది చూసి పెళ్ళికొడుకు తల్లి నవ్వుతూ వచ్చి, నీకు కూడా పెట్టాలె బిడ్డా, వచ్చే ఏడు నీదే అని, ఆమె రెండు చేతులూ పట్టుకుని మోచేతుల దాకా పిండి రుద్దింది. గట్టి చేతులు. ప్రేమగా రుద్దింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. పిండి ఉండలు ఉండలుగా రాలుతోంది. పసుప్పచ్చగా రాలాల్సింది గోధుమరంగులో రాలుతోంది. చర్మం పైపొర మీదే నిలిచే రంగు అది. నలుగు పుట్టిందే ఆ పైపొరను తీయడానికి. ఆమె తలెత్తి నా వంక చూసింది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమయింది.

ఆవిడ చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. చేతులు బయటపడ్డాయి. తెలుపు మీద అక్కడక్కడా మిగిలిన గోధుమరంగు. మచ్చలకన్నా అన్యాయంగా ఉంది. ఆవిడ చూసింది. చెంబు పట్టుకున్న చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెంబు కింద పెట్టి, పళ్ళెంలోంచి తడి పసుపు పిడికెడు తీసి ఆమె చేతులకు పట్టించింది. వేళ్ళ సందుల్లో, కణుపుల మీద, మోచేతుల పైదాకా, మందంగా. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఇదేమిటని అడిగారు. ఆవిడ తిరిగి చూడకుండానే చెప్పింది.

"మా దిక్కు ఆనవాయితీ. పిల్ల అక్కకు పసుపు పెడ్తం. మూడు ముళ్లు పడేదాక కడుగద్దు."

ఎవరూ అనుమానించలేదు. ఒక వైపు వాళ్ళ ఆనవాయితీలు ఇంకో వైపు వాళ్ళకు ఎప్పుడూ కొత్తగానే ఉంటాయి. ఆమె తల్లి అయితే మురిసిపోయింది. తర్వాత చాలా మందికి చెప్పుకుంది, వాళ్ళ దిక్కు అక్కకు ఎంత మర్యాద చేస్తరో అని. పెళ్ళి ఫోటోలన్నిట్లో ఆమె చెల్లెలి పక్కనే ఉంది, మోచేతుల దాకా పచ్చటి చేతులతో. అలాంటి ఆనవాయితీ వాళ్ళ ఊర్లో గాని, ఇంకెక్కడ గాని లేదని చెల్లెలు కొన్నాళ్ళకు అక్కకు చెప్పింది.

ఆ రోజుతో ఆమె తేలికపడుతుందని నేననుకున్నాను. పెళ్ళి ఆగలేదు. చెల్లెలి పక్కన నిలబడింది. కావాలన్న రెండూ దొరికాయి. కానీ ఆమె లెక్క వేరు. ఆవిడ తన కోసం నలుగురిలో అబద్ధం ఆడింది. ముందు తన అబద్ధం ఒక్కటే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి, రెండోది కూడా తన వల్లే. వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని చెప్పాలనుకుంది. దాచినందుకు తప్పయిందని, పసుపు పెట్టినందుకు ఏమనాలో తెలియడం లేదని. ఎలా చెప్పాలో కూడా ప్యాంట్రీలో నా ముందు అనుకుని చూసింది.

నేను వద్దన్నాను. ఆవిడకు తెలిసిపోయింది, తెలిసినట్టు నీకూ తెలుసు, ఇంకా మాటల్లో పెట్టడం ఎందుకక్కా, ఆవిడను ఇబ్బంది పెట్టడం తప్ప అన్నాను. నాకు మాటల మీద పెద్ద నమ్మకం లేదు. చాలా సంగతులు అనకుండా ఉంటేనే బాగుంటాయని అనుకునేదాన్ని. దాన్ని మర్యాద అనుకునేదాన్ని. ఆమె ఎదుటివాళ్ళ మాట తన మాట కన్నా సరైనదనుకునే మనిషి. సరే పిల్లా అంది. ఒకసారి కాదు, దసరాకు ముందు అడిగింది, చెల్లెలికి నెల తప్పినప్పుడు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాను. సంగారెడ్డి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా రెండు రోజుల ముందు నుంచి పూత పూసుకునేది. చూడాల్సిన మనిషి చూసేసిన తర్వాత కూడా. సీసాలు నా పేరు మీదే వచ్చేవి. నా చేయి పక్కన పెట్టుకుని చూసేది. సరిపోయిందనేదాన్ని.

ఈ వానాకాలం ఆమెకు డెంగీ వచ్చింది. మొదట జ్వరమే అనుకుని ఇంటి నుంచి పనిచేసింది. నాలుగో రోజు దవాఖానలో చేర్చారు. నేను వెళ్ళేసరికి చేతి వెనక సూది గుచ్చి సెలైన్ పెట్టారు, రంగంతా పోయి చేయి తెల్లగా ఉంది. ఆ తెల్లదనంలో నరాలు బాగా కనబడ్డాయని, సూది ఒక్కసారికే దొరికిందని నర్సు సంతోషపడిందట. ఆమె అది నాకు చెప్పి నవ్వబోయింది. ఆఫీసులో తన పని ఎవరు చూస్తున్నారని అడిగింది. అడగబోయే మాట ఏమిటో తెలిసి, ఏమీ ఆగలేదక్కా అని ముందే చెప్పాను. తర్వాత రెండు రోజులకు ఒంట్లోకి నీరు చేరింది. ఆ మర్నాడు పొద్దున పోయింది.

పదకొండో రోజు నల్లగండ్ల ఇంటికి వెళ్ళాను. భోజనాలయ్యాక వెనక వసారాలో పెళ్ళికొడుకు తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన జాగా చూపించింది. కడుపుతో ఉన్న కోడలిని లోపల పడుకోబెట్టి వచ్చిందట. కొంచెంసేపు ఆ కబుర్లే చెప్పింది. తర్వాత ముందేమీ లేకుండా అడిగింది. పసుపు పెట్టిన రోజు తను చేతులు చూసిందని ఆమెకు తెలుసా అని. తెలుసండి అన్నాను.

"మరి నాతోని ఒక్క మాట అనకపాయె" అంది ఆవిడ. "అంటదేమో అని నేను చూసిన. ఆమె అంటే అందామని నేనూ అనలే. పెద్దదాన్ని, నేనే అనాల్సి ఉండె."

ఆవిడ కూడా ఆ బరువు తన మీదే వేసుకుంటోంది. అది చూసి ఊరుకోలేకపోయాను. చెప్పాలనే అనుకుందండి, వద్దన్నది నేను అన్నాను. ఎందుకని అడిగింది. మీకు తెలిసిన సంగతే కదా, మళ్ళీ చెప్పడం ఎందుకనుకున్నానండి అన్నాను. ఆవిడ నా వంక చూడలేదు. వసారా బయట ఎవరో గిన్నెలు కడుగుతున్నారు, అటు చూసింది.

"తెలుస్తదని కాదు బిడ్డా చెప్పుడు. చెప్పుకుంటే నా దగ్గర భయం లేకుండ కూసుంటుండె. వచ్చినప్పుడల్ల చెయ్యి వట్టుకుంటే మెల్లగ గుంజుకునేది. ఆఖరికి దవాఖానల గూడ. నేను తలుపు కాడికి వచ్చేసరికి చెయ్యి దుప్పటి కిందికి వెట్టుకున్నది. సచ్చిపోయేటప్పుడు గూడ నన్ను నమ్మలే పిల్ల."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. కానీ జరిగింది అది కాదు. ఒంట్లోకి నీరు చేరిన ఆ రోజు నేను మంచం పక్కనే ఉన్నాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఆ చేయి తనంతట తాను కదపగలిగే స్థితిలో లేదు. తలుపు దగ్గర ఈవిడ కనబడగానే, ఆ తెల్లటి చేయి మీదికి దుప్పటి లాగింది నేను. ఆమె అడగలేదు. అలవాటుగా లాగాను.

అది కూడా చెప్పడానికి నోరు తెరిచాను. లోపలి నుంచి కోడలు అత్తమ్మా అని పిలిచింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి, తిని పో బిడ్డా, తినకుండ పోకు అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికే తిన్నానని కూడా చెప్పలేదు నేను.

ఆమె చివరిదాకా తనను నమ్మలేదనే ఆవిడ అనుకుంటోంది. దుప్పటి సంగతి ఫోనులో చెప్పే మాట కాదు. సంగారెడ్డికి లింగంపల్లి నుంచి బస్సు ఉంది, గంటన్నర కూడా పట్టదు. ఇంకా వెళ్ళలేదు.